‘కాస్త జివ్వుమంటుందంతే’ అని ఊరుకోకండి

చాలా ఇళ్ళల్లో గ్రైండరు పక్కన ఓ జత రబ్బరు చెప్పులుంటాయి, గమనించారా? వంటింట్లోకి చెప్పులు తేవడమే అపచారం అనుకునే ఇళ్ళల్లో కూడా ఆ జతకి మాత్రం మినహాయింపు. చెప్పులు లేకపోతే చెక్కపీట. “పీట మీద నిలబడి స్విచ్చి వెయ్యమ్మా, కాస్త జివ్వుమంటుందంతే” అని అత్తగారు కొత్త కోడలికి చెబుతారు. ఆ కోడలు పాతబడ్డాక అదే మాట పనమ్మాయికి చెబుతుంది. ఆవకాయ పాళ్ళలాగా ఇదీ తరాల మీద దిగిపోతూ ఉంటుంది.

ఆ జివ్వుమనడం ఏమిటో, ఎందుకో మనలో ఎంతమంది అడిగి ఉంటారు? ఇంట్లో మగవాళ్ళకి ఇది తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ గ్రైండరుని తడిచేత్తో పట్టుకునేది వాళ్ళు కాదు. పట్టుకునేది మనం, మనకన్నా ఎక్కువగా పనమ్మాయి. గిన్నెలు కడుగుతూ మధ్యలో లేచొచ్చి, నీళ్ళోడుతున్న చేతులతోనే గ్రైండరు తుడుస్తుంది. షాక్ కొట్టినా చెప్పదు. చెబితే “మాకెవరికీ కొట్టదే!” అంటామని తెలుసు.

సంగతేమిటంటే, గ్రైండరు లోపల తీగలకి ఉండే తొడుగు ఏళ్ళ తరబడి తడికీ వేడికీ చిట్లుతుంది. పిండి నీళ్ళు లోపలికి కారినా అంతే. అప్పుడు కరెంటు మోటారులో ఉండాల్సింది బయటి ఇనుప ఒంటికి వస్తుంది. అలా వచ్చిన కరెంటు భూమిలోకి పోవడానికే ప్లగ్గులో ఆ మూడో పిన్ను, లావుగా పొడుగ్గా ఉండేది. అది మిగతా రెండింటికన్నా పొడుగ్గా ఎందుకుంటుందో తెలుసా? ప్లగ్గు పెట్టగానే అన్నింటికన్నా ముందు ఎర్త్ తగలాలని, తీసేటప్పుడు అన్నింటికన్నా ఆఖర్న ఊడాలని. అంత ఆలోచించి చేసినదాన్ని మనవాళ్ళు ఏం చేస్తారు? రెండు కన్నాల సాకెట్టులో పట్టట్లేదని దాన్ని విరగ్గొడతారు. లేదా రెండు పిన్నుల అడాప్టరు తెచ్చి తగిలిస్తారు. ఇక ఆ కరెంటుకి భూమిలోకి వెళ్ళే దారి మనమే.

ప్లగ్గుకి మూడు పిన్నులూ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. గోడలో సాకెట్టు వెనక ఆకుపచ్చ తీగ ఉండాలి, అది వెళ్ళి పెరట్లోనో సెల్లారులోనో ఉన్న ఎర్త్ గుంటలో కలవాలి. పాత ఇళ్ళల్లో బొగ్గూ ఉప్పూ వేసి, గొట్టం దింపి ఆ గుంట పూడ్చేవారు. మా చిన్నప్పుడు ఎండాకాలంలో నాన్న రోజూ ఓ బకెట్టు నీళ్ళు అందులో పోసేవారు. మొక్కేమీ లేనిచోట నీళ్ళెందుకు పోస్తున్నారా అనుకునేదాన్ని. నేల ఎండితే ఎర్త్ సరిగ్గా పనిచెయ్యదు, అందుకు. ఇప్పుడు అపార్టుమెంట్లలో ఆ గుంట ఎక్కడుందో వాచ్‌మన్‌కి కూడా తెలియదు. దాని మీద బండలు పరిచి స్కూటర్లు పెట్టేసిన చోట్లూ ఉన్నాయి.

కాబట్టి గ్రైండరో, ఫ్రిజ్ తలుపో, గీజరు కుళాయో ఏ కొంచెం జివ్వుమన్నా ముందు ప్లగ్గు తీసెయ్యండి. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్‌ని పిలిచి రెండే ప్రశ్నలు అడగండి: “ఈ సాకెట్టుకి ఎర్త్ ఉందా? మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా?” మొదటిది అతను టెస్టు బల్బుతో కాసేపట్లో తేల్చేస్తాడు. రెండోదాని గురించి రెండు ముక్కలు చెప్పాలి. బోర్డులో వరసగా ఉండే ఎమ్‌సీబీలు తీగలు కాలిపోకుండా చూస్తాయి, మనిషిని కాపాడటం వాటి పని కాదు. ఆర్‌సీసీబీ వేరు. వెళ్ళిన కరెంటు అంతా తిరిగి వస్తోందా లేదా అని అది లెక్క చూస్తూంటుంది. ఇళ్ళకి పెట్టేవి మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లవి. అంత తేడా వస్తే చాలు, కన్నుమూసి తెరిచేలోపు కరెంటు ఆపేస్తుంది. దాని మీద ‘టి’ అని ఓ చిన్న బొత్తాం ఉంటుంది, టెస్టు కోసం. నెలకోసారి నొక్కి చూడాలి, టప్పున పడిపోతే బాగున్నట్టు. నేను కరెంటు బిల్లు కట్టిన రోజున నొక్కుతాను. పెట్టుకున్న గుర్తు అదొక్కటే.

అద్దె ఇల్లయితే? “మీరు వచ్చేదాకా ఎవరికీ కొట్టలేదమ్మా షాకు” అనే ఇంటివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. అక్కడ మొహమాటపడకండి. పెయింటు వేయించమని అడగడానికి లేని మొహమాటం ఎర్త్ వేయించమనడానికి ఎందుకు?

సరే, భయపెట్టింది చాలు. ఇప్పుడు మిక్సీ దగ్గరికి వద్దాం.

మా వీధి మలుపులో మిక్సీలు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. స్టూలు చూపించి “కూర్చోమ్మా, ఐదు నిమిషాలు” అంటారు. ఆ ఐదు నిమిషాలు ముప్పావుగంట అవుతుంది. కథలు రాసేదాన్ని, జనం మాటలు వినడం నాకు విసుగనిపించదు. అక్కడ కూర్చుని విన్నదాన్నిబట్టి తెలిసిందేమిటంటే, మిక్సీ పట్టుకొచ్చే ఆడవాళ్ళందరూ చెప్పేది ఒకటే మాట, “ఆడట్లేదండీ” అని. ఆయన తిరిగి అడిగేది కూడా ఒకటే, “ఎలా ఆడట్లేదమ్మా?” అని. ఆ ‘ఎలా’లోనే అంతా ఉంది.

స్విచ్చి వేస్తే అసలు చప్పుడే లేదనుకోండి, ప్లగ్గు తీసి మిక్సీని తిరగేసి అడుగున చూడండి. చాలా మిక్సీలకి అక్కడ ఎర్రటి చిన్న బొత్తాం ఉంటుంది. మోటారు మీద మోయలేని బరువు పడితే అది బయటికి తన్నుకొచ్చి కరెంటు ఆపేస్తుంది. పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి దాన్ని లోపలికి నొక్కితే మళ్ళీ ఆడుతుంది. మా పక్కింటి వదినగారి మిక్సీకి జరిగింది ఇదే. ఇంటికొచ్చిన సర్వీసు కుర్రాడు మూత కూడా విప్పకుండా “మోటారు పోయిందాంటీ, కొత్తది కొనుక్కోవడమే మేలు” అన్నాడు. పెద్దాయన వేలితో ఒక్కనొక్కు నొక్కి ఆవిడ చేతికిచ్చారు. డబ్బులడిగితే “దేనికమ్మా?” అన్నారట.

మోటారు తిరిగే చప్పుడు వస్తోంది, జారులో బ్లేడు మాత్రం తిరగట్లేదు. అప్పుడు తప్పు కప్లరుది. మిక్సీ నెత్తిన నక్షత్రంలా ఉండే రబ్బరో ప్లాస్టిక్కో బిళ్ళ అది. బ్లేడు బిగుసుకుపోతే ముందు అది అరిగిపోయి మోటారుని కాపాడాలనే దాన్ని అంత మెత్తగా చేస్తారు. బిళ్ళ మారిస్తే సరిపోతుంది. మూమని మూలుగుతుందిగానీ కదలదంటే జారు అడుగున బుష్షు పట్టేసిందన్నమాట. వెంటనే ఆపి, జారు తీసేసి, అడుగున చేత్తో తిప్పి చూడండి. గట్టిగా ఉంటే కాసేపు గోరువెచ్చటి నీళ్ళు పోసి ఉంచితే చాలాసార్లు వదులవుతుంది. తిరుగుతున్నప్పుడు లోపల నీలంగా మెరుపులు ఎక్కువై, మాడువాసన వేస్తుంటే కార్బన్ బ్రష్షులు అరిగాయని. అవీ చిన్నవే, మార్చుకునేవే. ఇది మాత్రం మెకానిక్ పని.

అన్నింటికన్నా ముఖ్యమైనది మనం అసలు జబ్బుగా లెక్కే చెయ్యం. జారు అడుగునుంచి నల్లగా నీళ్ళు కారడం! గుడ్డతో తుడిచేసి మళ్ళీ పెడతాం. ఆ నీళ్ళు కప్లరు సందులోంచి నేరుగా మోటారులోకి దిగుతాయి. మోటారు కాలేదీ అక్కడే, షాక్ పుట్టేదీ అక్కడే. ఓ బుష్షు, ఓ వాషరు వేయిస్తే ఆగిపోయేదాన్ని వైండింగు దాకా తెచ్చుకుంటాం. “నా దగ్గరికొచ్చే మోటార్లు కాలి రావమ్మా, మునిగి వస్తాయి” అంటారు పెద్దాయన.

అన్నట్టు, మన మిక్సీ పుట్టిందే ఓ రిపేరు గొడవలోంచి! 1960ల తొలినాళ్ళలో ముంబైలో మాధురీ మాథుర్ అనే ఆవిడ వాడే విదేశీ మిక్సీ పాడైపోయింది. కేకు పిండి కలపడానికి చేసిన యంత్రం మన పసుపు కొమ్ములకీ, నానబెట్టిన మినప్పప్పుకీ ఏం తట్టుకుంటుంది! ఆవిడ భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. మన వంటకి నిలిచే మోటారుతో కొత్తది తయారుచేశారు. అదే తర్వాత సుమీత్ మిక్సీగా ఇంటింటికీ వచ్చింది. అంత గట్టి మోటారుకైనా విరామం కావాలి. సంక్రాంతికి కారం, పసుపు అన్నీ ఒక్క బిగిన పట్టకుండా ఐదు నిమిషాలు తిప్పితే రెండు నిమిషాలు ఆపండి. జారు సగానికి మించి నింపకండి. కళ్ళుప్పు వేసి తిప్పితే బ్లేడుకి పదునొస్తుందని ఏళ్ళ తరబడి ఇలాంటి పేజీల్లోనే చదువుతున్నాం. జారు శుభ్రపడుతుందేమోగానీ పదును సంగతి నాకు నమ్మకం లేదు. సానపట్టించుకోవడమే దారి.

కరెంటు బిల్లు ఎక్కువొస్తే చాలా ఇళ్ళల్లో మొదటి తిట్లు తినేదీ మిక్సీయే, ఎక్కువ చప్పుడు చేస్తుంది కాబట్టి. లెక్క చూడండి. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు ఆడితే ఒక యూనిట్. 750 వాట్ల మిక్సీ రోజుకి ఇరవై నిమిషాలు ఆడితే పావు యూనిట్. రెండువేల వాట్ల గీజరు గంట వేసి ఉంచితే రెండు యూనిట్లు. నోరున్నది దోషి అయింది, మాట్లాడకుండా మూల నిలబడేది దొర అయింది!

అలాంటి మరో మౌనముని ఫ్రిజ్. ఇరవై నాలుగ్గంటలూ ప్లగ్గులోనే ఉంటుంది. దాని ఆరోగ్యం తెలుసుకోవడానికి ఓ పాత కాగితం చాలు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. బిగువుగా వస్తే సరే. జారిపోయిందంటే అక్కడ గాస్కెట్, అంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు, పట్టు వదిలిందని. నాలుగు వైపులా చూడండి, ముఖ్యంగా కింది మూల. ఒక్కోసారి రబ్బరు మడతల్లో చేరిన జిడ్డే కారణం. సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి మళ్ళీ చూడండి. చిరిగిందైతే మార్పించండి. చల్లటి గాలి రోజంతా వంటింట్లోకి కారిపోతుంటే కంప్రెసరుకి ఊపిరాడదు, ఆగడమన్నదే ఉండదు.

వెనకవైపు నల్లటి జాలీలాంటి గొట్టాలుంటే వాటిమీద దుమ్ము దులపాలి. లోపలి వేడిని బయటికి పంపేవి అవే. ఫ్రిజ్‌ని గోడకి ఆనించేసి, పైన గుడ్డ కప్పి, దానిమీద స్టీలు డబ్బాలు పేర్చి... ఇంక వేడి ఎటు పోతుంది? వెనక ఓ జానెడు ఖాళీ ఉంచండి. ఇక ఐసు గడ్డకట్టే పాతరకం ఫ్రిజ్‌లో చిటికెనవేలు మందం ఐసు పేరుకోకముందే డీఫ్రాస్ట్ చేసెయ్యాలి. దయచేసి కత్తి పెట్టి గీకకండి. ఫ్రీజరు గోడలోనే గ్యాసు తిరిగే సన్నటి దారులుంటాయి, ఒక్కపోటుకి చిల్లి పడుతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే గ్యాసు అంటుకునే రకం కూడా. స్విచ్చి ఆపి, తలుపు తీసి, ఓ గిన్నెలో వేడినీళ్ళు లోపల పెట్టి మీ పని మీరు చూసుకోండి. ఐసు కట్టని రకంలో కూరగాయల ట్రే కింద నీళ్ళు నిలుస్తుంటే మాత్రం వెనక ఉన్న చిన్న కన్నం మూసుకుపోయిందని అనుమానించాలి. కొత్తిమీర ఆకు ముక్క చాలు దానికి.

మీ ఫ్రిజ్ నిజంగా ఎంత తింటోందో తెలుసుకోవాలనుందా? పెళ్ళికో తిరుపతికో రెండు రోజులు ఇల్లు తాళం వేసి వెళ్ళేటప్పుడు ఫ్రిజ్ ఒక్కటీ ఉంచి మిగతావన్నీ ఆపెయ్యండి. వెళ్ళేముందు మీటరు అంకె ఓ కాగితం మీద రాసుకోండి, వచ్చాక మళ్ళీ చూడండి. తలుపులు తెరవని రోజులు కాబట్టి మామూలు కన్నా కాస్త తక్కువే వస్తుంది, ఎంత తక్కువన్నా ఓ అంచనా దొరుకుతుంది. కొత్త ఫ్రిజ్‌ల మీద నక్షత్రాల కాగితంలో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, ఆ అంకెతో పోల్చుకోండి. 240 అని ఉంటే నెలకి 20. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ళు ఈ నక్షత్రాలు 2006లో మొదలుపెట్టారు. కొలతలు మధ్యమధ్య గట్టిపరుస్తూ వస్తున్నారు. అంచేత పదేళ్ళనాటి ఐదు నక్షత్రాలూ ఇవాళ్టి ఐదు నక్షత్రాలూ ఒకటి కాదు. నక్షత్రాలతో పాటు కాగితం మీద సంవత్సరం కూడా చూడాలి.

ఒకటీ రెండు యూనిట్లకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. మన బిల్లులు శ్లాబుల మీద నడుస్తాయి. శ్లాబు దాటిన యూనిట్లకి ధర పెరుగుతుంది. తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి చూడండి, అర్హులైన ఇళ్ళకి నెలకి 200 యూనిట్ల లోపయితేనే సున్నా బిల్లు. చిరిగిన గాస్కెట్ ఒకటి ఆ గీత దాటించెయ్యగలదు.

గ్యాసు పొయ్యికి వస్తే, గిన్నెల అడుగు నల్లబడుతోందంటే అది గిన్నె తప్పు కాదు. మంట పసుపుపచ్చగా ఉందన్నమాట. బర్నరు కన్నాల్లో పొంగిన పాలూ చారూ ఎండిపోయి గాలి సరిగ్గా కలవడం లేదు. బర్నర్లు తీసి వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, పిన్నీసుతో కన్నాలు పొడిచి, పూర్తిగా ఆరాక పెడితే మంట నీలంగా వస్తుంది. లోపల ఉండే జెట్ జోలికి మాత్రం వెళ్ళకండి, ఆ కన్నం పెద్దదైతే ప్రమాదం. రబ్బరు ట్యూబు మీద తేదీ చూశారా ఎప్పుడైనా? ఐదేళ్ళకి మార్చెయ్యాలి, పైకి ఎంత కొత్తగా కనబడినా సరే. గ్యాసు కారుతోందని అనుమానం వస్తే సబ్బునురగ రాసి బుడగలొస్తాయేమో చూడాలి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళు ఇంకా ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఉన్నారు! వాసన గట్టిగా వస్తుంటే ఏ స్విచ్చీ వెయ్యకుండా, వేసినదాన్ని ఆపకుండా, రెగ్యులేటరు కట్టేసి తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. వంటగ్యాసు ప్రమాదాలకి దేశమంతా పనిచేసే నంబరది.

కుక్కరు సంగతి మీకు నేను చెప్పాలా! ఒక్కమాట మాత్రం. మొదటి కూత రాగానే మంట తగ్గించండి. లోపల ఆవిరి ఒత్తిడి నిండాక వేడి నూట ఇరవై డిగ్రీల దగ్గర నిలబడిపోతుంది. ఆ తర్వాత మంట ఎంత పెంచినా పప్పు త్వరగా ఉడకదు, ఆవిరి కూతల రూపంలో పైకి పోతుందంతే. ఆరు కూతలు, ఎనిమిది కూతలు అని లెక్కపెడుతున్నాం చూడండి, అది పోయిన గ్యాసు లెక్క. కందిపప్పు అరగంట ముందు నానబెడితే సగం పని అదే చేస్తుంది. మూత పెట్టేముందు ఆవిరి గొట్టంలోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూసుకోవాలి. సేఫ్టీ వాల్వు కారుతోందని గోధుమపిండి మెత్తే చిట్కా ఎవరైనా చెబితే, బంధువులైనా సరే, వినకండి.

ఇండక్షన్ పొయ్యిలు, మైక్రోవేవులు పాడవడానికి ఓ విచిత్రమైన కారణం బొద్దింకలు! వెచ్చగా ఉంటుందని లోపల కాపురం పెట్టి బోర్డుని షార్ట్ చేస్తాయి. రాత్రిపూట కింద జాలీ తుడిచి పెట్టుకోవడం తప్ప మనం చేసేదేం లేదు. మైక్రోవేవ్ మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదు, ఎంత తెలివైనవాళ్ళయినా. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటరులో ప్రాణం తీసేంత కరెంటు నిలవుండవచ్చు.

ఇక మెకానిక్‌తో మాట్లాడటం. అక్కడే మనకి గొంతు పెగలదు. “పాడైంది” అనకుండా ఏ చప్పుడు, ఏ వాసన, ఎంతసేపు ఆడాక ఆగింది, నాలుగు ముక్కలు కాగితం మీద రాసి ఇవ్వండి. పోపు మాడబోతోందని పక్కగదిలోంచి వాసనతో పట్టేసే ముక్కు మనది. మోటారు మాడితే పట్టలేమా? “పార్టు దొరకదు, మోడలు ఆగిపోయింది” అంటే కంపెనీకే నేరుగా అడగండి. 2022లో కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పేరుతో ఓ వేదిక పెట్టింది. కొన్న వస్తువుని బాగుచేయించుకోవడం కొన్నవాళ్ళ హక్కు అన్నది దాని ఉద్దేశం. విడిభాగాల వివరాలు, వారంటీ షరతులు కంపెనీలు అందులో పెట్టాలని అడిగారు. ఇంట్లో పిల్లలెవరికైనా చెబితే ఫోన్‌లో చూసిపెడతారు.

పార్టు మార్చామని చెప్పినప్పుడు “పాతది ఇచ్చెయ్యి బాబూ, పిల్లల ప్రాజెక్టుకి కావాలి” అని అడిగి తీసుకోండి. నిజంగా మార్చినవాడు నవ్వుతూ ఇచ్చేస్తాడు. నసిగినవాడి షాపుకి రెండోసారి వెళ్ళక్కర్లేదు.